చెనక్కాయల పాట అడిగిందెవరు?

శుక్రవారం రేడియోలో ఒకరి పాట వినిపించిందంటే, ఆ మనిషి ఏ ఊళ్లో ఏ ఇంట్లో పనిచేస్తున్నా క్షేమంగా ఉన్నట్టే. ఇటు రియాద్‌లోని బతా వీధుల్లోనూ, అటు రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లోనూ ఈ మాట నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. దీనికి ఆధారం ఏమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

గురువారం సాయంత్రం రోషన్ బీ అడిగింది. ఆ రేడియోలో పాటలు వేసే మనిషినే, అంటే తన భర్తనే అడిగింది.

"పోయిన శుక్రవారం చెనక్కాయల పాట ఏసినావు. అది ఎవురు అడిగినారు?"

అబ్దుల్ ఘనీ అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. కంపెనీ బస్సు తాళాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. వాటిని గోడ మేకుకు తగిలించడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు.

"ఎవురు అడుగుతారు. అడిగేవాళ్లే అడిగినారు."

"మహబూబ్బీ అడిగిందా?"

"ముందర అన్నం పెట్టు."

"అన్నం యాడికీ పోదు. మహబూబ్బీ అడిగిందా అంటాండా."

మహబూబ్బీ రోషన్ బీ చెల్లెలు. హాయిల్‌లో ఒక సౌదీ కుటుంబంలో ఇంటిపనికి కుదిరింది. కొంతకాలంగా ఆమె ఫోన్ స్విచాఫ్‌లో ఉంది. అందుకు ఎవరూ కంగారుపడలేదు. ఆ ఇంటి మేడమ్ ఫోన్ తీసి దాచిపెట్టడం మునుపూ జరిగింది. అలాంటప్పుడు మహబూబ్బీ ఆ ఇంటి డ్రైవర్ ఫోన్ అడిగి తీసుకుని పాట కోరుతూ వాయిస్ మెసేజ్ పంపేది. పాట వస్తూనే ఉంది గనుక ఈసారీ అలాగే జరుగుతోందని అనుకున్నారు.

ఆ మధ్యాహ్నం రోషన్ బీ డ్రైవర్ నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తినవాడు కొత్తవాడు, బంగ్లాదేశీ. పాత డ్రైవర్ ఫోన్ తనకిచ్చి దేశం వెళ్లిపోయాడన్నాడు. తాను చేరిన నాటినుంచీ ఆ ఇంట్లో ఇండియా పనిమనిషి ఎవరూ లేరన్నాడు.

మనిషి లేదు. పాట మాత్రం వారం వారం వస్తోంది.

"అడిగిందో లేదో చెప్పు," అంది రోషన్ బీ మళ్లీ.

"అడిగింది."

"నీకు ఫోన్ చేసిందా?"

"మెసేజ్."

"యాది? నన్నూ ఇననీ."

"తుడిచేసినా."

లోపలి గదిలో చదువుకుంటున్న కూతురు మెహక్ పుస్తకం మూసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షలకు కడుతోంది. ఏ మాటనైనా రెండు వైపులా తిప్పి చూడనిదే ఒప్పుకోదని తండ్రికి ఆమె మీద గర్వమూ ఉంది, భయమూ ఉంది.

"నువ్వు తుడిచేస్తే ఏమాయ నాయనా. రేడియో నంబరుకు వచ్చేవన్నీ నౌమాన్ మామ కాడ ఉంటాయిలే," అంటూ ఫోన్ తీసింది.

"వాడు దుకాణంలో ఉంటాడు. ఇప్పుడు చేసి వాని పని చెడగొట్టాకు."

మెహక్ అప్పటికే నంబరు నొక్కేసింది.

ఘనీ రేడియో మనిషి అవుతాడని ఒకప్పుడు అతనితో సహా ఎవరూ అనుకోలేదు. ఊళ్లో అతనిది మైకు సెట్టు. పెళ్లిళ్లకు సినిమా పాటలు వేసి, పెళ్లివారు నిద్రపోయాక తాను సొంతంగా రికార్డు చేసుకున్న కోతపాటలూ పీర్ల పండగ పాటలూ చిన్నగా పెట్టుకుని వినేవాడు. డ్రైవర్ వీసా మీద రియాద్ వచ్చినప్పుడు పెట్టెలో బట్టలకంటే క్యాసెట్లే ఎక్కువ తెచ్చాడు. కూలీలను సైటుకు తీసుకువెళ్లే బస్సులో వాటిని వేస్తే, సైటు వచ్చినా పాట పూర్తయ్యేదాకా దిగేవారు కాదు. బతాలో ఫోన్ల దుకాణంలో పనిచేసే కరీంనగర్ మనిషి నౌమాన్ ఒకనాడు ఆ బస్సెక్కాడు. ఈ పాటలను ఇంటర్నెట్‌లో రేడియోలాగా పెట్టవచ్చన్నాడు. జానపదాలు ఎవడింటాడని మెస్సులో అందరూ నవ్వారు. అలా నవ్వినవాళ్లే ఇప్పుడు శుక్రవారం జుమా నమాజు తర్వాత చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అన్నం తింటారు. కార్యక్రమం పేరు "చేనుగట్టు".

దానికి ఘనీ పెట్టిన పద్ధతి ఒకటుంది. మగవాళ్లు పాట అడిగితే పేరూ ఊరూ చదువుతాడు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు అడిగితే పేరు చదవడు. పనిచేసే ఊరూ చెప్పడు. ఎవరో విని వెళ్లి యజమానికి చెబితే ఉన్న ఫోన్ కూడా పోతుంది. అందుచేత ఒక్కొక్కరికి ఒక్కొక్క పాట. అది మరొకరికి వేయడు. ఎవరి పాట ఏదో వాళ్ల ఇంటివాళ్లకు తెలుసు. పాటే పేరు.

మహబూబ్బీది చెనక్కాయల పాట. చేలో వేరుశనగ, అంటే చెనక్కాయలు పీకేటప్పుడు ఆమె తల్లి పాడినదే. ఘనీ కొత్త అల్లుడుగా ఉన్న రోజుల్లో, చేని గట్టు మీద మైకు పెట్టి అత్తగారి గొంతును తానే పట్టాడు.

గట్టు మీద నీడ లేదే చెల్లెలా
కొంగు పరిస్తే నీడ కాదా చెల్లెలా

కార్యక్రమంలో ఎప్పుడూ అదే చివరి పాట.

"ఏంది మెహక్ బేటా, గీ టైంల?" ఫోన్ స్పీకర్‌లో నౌమాన్ గొంతు వినిపించింది. వెనకాల దుకాణంలో ఎవరో హిందీలో బేరమాడుతున్నారు.

"మామా, పోయిన శుక్రవారం చెనక్కాయల పాటకు వచ్చిన మెసేజ్ నాకు పంపియ్యి."

"గా పాటకు మెసేజ్ ఏడొచ్చింది?"

రోషన్ బీ భర్త వైపు చూసింది. ఘనీ తాళాల వైపు చూశాడు.

"ఏం రాలే బేటా. రంజాన్ ఎల్లినంక సంది ఒక్కటి గూడ రాలే. ఘనీ భాయే ఎయ్యమన్నడు. రాకున్నా ఎయ్యి, ఊర్ల అత్తమ్మ ఎదురుచూస్తది అన్నడు. ఏమైంది? భాయ్ లేడా ఇంట్ల?"

"ఉండాడు మామా," అంది మెహక్. "మళ్లా చేస్తా."

వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. రోషన్ బీ లేచి వెళ్లి పొయ్యి ఆపి వచ్చి, లేచినచోటే మళ్లీ కూర్చుంది.

"రంజాన్ ఎల్లినప్పట్నించీ," అంది.

"ఒక వారం రాలా. మేడమ్ డ్రైవర్ ఫోన్ గూడా ఇయ్యనిచ్చి ఉండదు, వచ్చే వారం వస్తాదిలే అనుకుంటి. ఏయకపోతే మీ అమ్మ ఆ రోజు గంజి గూడా తాగదు. నీకు తెలీదా?"

"రెండో వారం?"

"రెండో వారం ఆపితే మొదటి వారం ఏసిండేది అబద్ధమని తెలిసిపోదా?"

"తెలిస్తే?"

ఘనీ మాట మార్చాడు. "రేడియో అన్నాక నమ్మకం మే. నా గొంతు ఇని ఎంతమంది తల్లులు..."

"నేనూ ఇంటి," అంది రోషన్ బీ. గొంతు పెంచలేదు. "ఆ పాట ఇని, మా మహబూబ్బీ పాప బాగుండాది అనుకుని, శుక్రవారం శుక్రవారం కడుపు నిండా తింటి. నువ్వు ఎదురుగా కూచోని ఇంకొంచెం ఏసుకో అంటివి."

ఘనీ తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకున్నాడు. ముఖం తడిగా లేదు.

"ఇప్పుడేం చేద్దామంటావు?" అన్నాడు. "పాపను పనికి పెట్టుకున్న కఫీల్ ఫోన్ ఎత్తడంల్యా. పొయ్యి తలుపు కొడదామా? పాప ఆ ఇంటి నుంచి తనంతట తాను బయటపడి యాడన్నా తలదాచుకోనుంటే? మనం పొయ్యి అడిగితే వాళ్లకు గుర్తొస్తాది. పారిపోయిందని సర్కారు కాడ హురూబ్ రాయిస్తారు. ఇంక దేశం పోవడానికిచ్చే ఎగ్జిట్ కథ ముగిసినట్టే."

"పారిపోలేదనుకో. ఏమన్నా జరిగుంటే?"

"అందుకే చెప్తాండా, ఏమీ తెలీదని."

"తెలీదని ఇప్పుడంటాండావు. ఇన్నాళ్లూ రేడియోలో తెలిసినట్టే ఏస్తివే."

ఈసారి అతను నిజంగానే లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాడు. తిరిగి వచ్చేసరికి మెహక్ నేల మీద తల్లి పక్కన కూర్చుని ఉంది.

"నాయనా, రేపు ఆ పాట ఎయ్యద్దు."

"ఎందుకు?"

"ఏసినన్నాళ్లూ ఏం తెలిసింది మనకు? పిన్ని అడిగినా వస్తాది, అడగకపోయినా వస్తాది. ఇంక ఆ పాటకు అర్థం ఏముండాది? ఒక వారం ఆపి చూద్దాం. పిన్ని యాడన్నా ఇంటాంటే, ఎందుకు రాలేదని ఎట్లోకట్ల కబురు చేస్తాది."

"ఇనకపోతే?"

"ఇనడం లేదని తెలుస్తాది. అది గూడా తెలుసుకోవల్ల కదా."

"నీకు అంతా లెక్కల పరీక్షే అమ్మీ. ఊర్లో జేజి ఏమైపోవల్ల? పాట రాకపోతే దానికి ఒకటే అర్థం."

"జేజికి అమ్మ ముందే చెప్తాది."

తండ్రీ కూతురూ రోషన్ బీ వైపు తిరిగారు. ఆమె చీర అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

"ఎయ్యద్దు," అంది చివరికి. "అమ్మకు నేను చెప్తా."

ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. తలుపు పూర్తిగా మూయలేదు గనుక మాటలు లోపలికి వినిపించాయి. ఎక్కువగా వినిపించింది అవతలి గొంతే. చెవుడు వచ్చిన తర్వాత ఆ తల్లి ఫోన్‌లో అరిచినట్టే మాట్లాడుతుంది.

"...పోయిన వారం బాగా ఇంటిమి మే. పక్కింటోళ్లనూ పిలిచి ఇనిపిస్తి. నా గొంతు నాకే సిగ్గాయ. పాపకు రెండు పూట్లా తిండి పెడతాండారా అని మీ ఆయన్ను అడుగు. పాట అడిగిందంటే పెడతాండేట్టే ఉంటారులే. ఆకలితో ఉండే బిడ్డకు పాట గుర్తొస్తాదా? నువ్వేంది మాట్లాడవు, జలుబు చేసిందా?"

"జలుబే అమ్మా," అంది రోషన్ బీ.

లోపలికి వచ్చాక మెహక్ అడిగింది. "చెప్పినావా?"

"చింతపండు కొట్టి పెట్టినాదంట. ఎవురన్నా వస్తాంటే పంపిస్తాదంట."

ముగ్గురూ అన్నం తిన్నారు. ఇంకొంచెం వేసుకోమని ఎవరూ ఎవరితోనూ అనలేదు.

"చేనుగట్టు"కు స్టూడియో అంటూ వేరే లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఈ ఇంటి లోపలి గదే స్టూడియో. కిటికీకి రెండు దుప్పట్లు కడతారు, ఏసీ ఆపేస్తారు. నౌమాన్ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చుంటాడు. ఆ రోజు వస్తూనే రోషన్ బీ ముఖం చూసి, చెప్పులు గుమ్మం బయటే చాలా శ్రద్ధగా సర్దాడు.

"భాభీ, నాకెర్క లేకుండ నోరు జారిన," అన్నాడు.

"నువ్వు జారకపోతే నాకింకా తెలిసిండేదే కాదు," అందామె.

అది మెప్పో దెప్పో తేల్చుకోలేక అతను ల్యాప్‌టాప్ తెరిచాడు.

ఘనీ మైకు ముందు కూర్చున్నాడు. ఇంట్లో నోరు పెగలని మనిషి అక్కడ కూర్చోగానే మరొకడైపోతాడు. "అస్సలాము అలైకుం, నమస్కారం. చేనుగట్టు మీద మీ ఘనీ. ఎండ మండిపోతాండాది, రండి, రోంతసేపు నీడలో కూచుందాం," అన్నాడు. ఎప్పుడూ అనే మాటలే అవి. మదనపల్లె మేస్త్రీ ఒకడు అడిగిన వరినాటు పాట వేశాడు. బిడ్డకు పేరు పెట్టిన తండ్రికి జోలపాట వేశాడు. పేరు చెప్పకుండా, "దంపుడు పాట అడిగిన అక్కకు" అని ఒకటీ, "సుద్దుల పాట అడిగిన చెల్లికి" అని ఒకటీ వేశాడు. ఆ రెంటికీ నిజంగానే మెసేజ్‌లు వచ్చాయి. నౌమాన్ అడగకుండానే వాటిని రోషన్ బీకి వినిపించాడు.

చివరి పాట సమయం వచ్చింది. నౌమాన్ వేలు అలవాటుగా మీట మీదికి పోయి ఆగింది. ఘనీ మైకును దగ్గరికి లాక్కున్నాడు. ఏదో చెప్పబోయి భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఈ వారానికి ఇంతే," అన్నాడు ఘనీ.

నౌమాన్ ప్రసారం ఆపేశాడు.

రోషన్ బీ ఫోన్ వెంటనే మోగింది. తెర మీద "అమ్మ" అని ఉంది. ఆమె ఎత్తలేదు. ఆగింది, మళ్లీ మోగింది. ఫోన్‌ను బోర్లా పెట్టి దాని మీద చెయ్యి ఉంచింది.

రేడియో నంబరుకు మెసేజ్‌లు రాసాగాయి. నౌమాన్ ఒక్కొక్కటీ పైకి వినిపించాడు. బురైదా నుంచి ఒక మగగొంతు: "భాయ్, లాస్ట్ పాట ఎయ్యలే. నెట్ పోయిందా మీకు?" జుబైల్ నుంచి ఇంకొకరు: "చెనక్కాయల పాట రాలేదే. మా ఇంటామెకు శానా ఇష్టం, మళ్లీ ఏస్తావా?" పాట పేరు విన్న ప్రతిసారీ రోషన్ బీ ముందుకు వంగింది. ఎవరో తెలిశాక వెనక్కి జరిగింది.

"ఇంతమంది అడుగుతాండారు," అన్నాడు ఘనీ. "అడగాల్సిన మనిషి తప్ప."

"రోంతసేపు ఆగు నాయనా."

"ఎంతసేపు?"

"తెలీదు."

"తెలీకుండానే ఆపమంటివా?"

"తెలీకుండానే కదా నువ్వు ఏసింది."

నౌమాన్ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. కొత్త నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆడగొంతు. గోదావరి జిల్లాల మాట. లోగొంతుకతో మాట్లాడుతోంది. వెనకాల ఎక్కడో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది.

"నమస్కారమండి. నా పేరు రత్నకుమారి అండి, మాది రాజోలు దగ్గర. ఖతీఫ్‌లో ఒకళ్లింట్లో పనిచేస్తున్నానండి. మహబూబ్బీ నా పక్కనే ఉందండి. తను మాట్లాడితే ఏడుపొచ్చేసి గట్టిగా వినబడిపోద్దని నన్ను చెప్పమంది."

రోషన్ బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"హాయిల్ మేడమ్ గారు, ఈ ఇంట్లో ఉండే వాళ్ల కూతురికి పురుడు పోయాలని తనని ఇక్కడికి పంపేశారండి. ఫోన్ అక్కడే ఉంచేసుకున్నారు. వచ్చేటప్పుడు అక్కడి డ్రైవర్‌కి చెప్పిందంటండి. అగ్రిమెంటు అయిపోయినా ఎగ్జిట్ ఇవ్వట్లేదు, ఖతీఫ్ తీసుకెళ్లిపోతున్నారు, మా బావకి చెప్పు, వచ్చి మాట్లాడమను అని. వచ్చిన వారమే నా ఫోన్‌లో మీ రేడియో విన్నామండి. అడక్కుండానే తన పాట వచ్చింది. డ్రైవర్ చెప్పేశాడక్కా, బావకి తెలిసిపోయింది, వచ్చేస్తాడు అని ఎంత సంబరపడిందో అండి. నా ఫోన్‌లోంచి ఒక మాట పంపవే అంటే, వద్దక్కా, తెలుసు కాబట్టే కదా పాట వేస్తున్నారు, నీ ఫోన్ కూడా లాక్కుంటే కష్టం అనేది. ఆ తర్వాత ప్రతి వారం వచ్చిందండి పాట. బావ వస్తాడని చెత్త బుట్ట పట్టుకుని గేటు దాకా తనే వెళ్లొచ్చేది. నన్ను వెళ్లనిచ్చేది కాదు."

మెసేజ్‌లో కాసేపు పసిబిడ్డ ఏడుపు ఒక్కటే వినిపించింది. తర్వాత ఆ గొంతు మరింత తగ్గింది.

"ఇవాళ పాట రాలేదండి. బావకి ఒంట్లో బాగోలేదేమో, అక్కకి ఏమన్నా అయిందేమో అని కంగారుపడిపోతుందండి. మీ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడగమంది."

అక్కడితో మెసేజ్ అయిపోయింది.

నౌమాన్ ఆ నంబరుకు ఫోన్ చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఈసారి స్విచాఫ్ అని వచ్చింది. రోషన్ బీ చేతి కింద ఆమె ఫోన్ మోగుతూనే ఉంది.

పాట వేసిన వారాల్లో మహబూబ్బీ నుంచి కబురు రాలేదు. పాట వేయని వారం వచ్చింది. ఖతీఫ్‌లో ఏ వీధో, ఏ ఇల్లో ఆ కబురులో లేదు.